వేడి దొంగ

మూత మాస్టారికి ఈ లోకంలో ఒక్కటే అనుమానం: వేడిని ఎవరో పట్టుకుపోతున్నారని. కాలేజీ ల్యాబులో పిల్లలు కాగిన రాగి దిమ్మెను చల్లటి నీళ్లలో వేసి లెక్క కడితే, దిమ్మె ఇచ్చిన వేడికీ నీళ్లు పుచ్చుకున్న వేడికీ ఏనాడూ పొంతన కుదరదు. కొంత గాలికి పోతుందని అందరికీ తెలుసు. మాస్టారు మాత్రం కళ్లద్దాల మీంచి అందరినీ వరసగా చూసి, "మూత ఎవరు తీశారు?" అనేవారు. ఇంట్లో కాఫీ చల్లారినా భార్యను అదే అడుగుతారట. ఆవిడ జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది.

అలాంటి మనిషిని అనుమానించాలని ల్యాబు స్టోరు చూసుకునే అమ్మాయికి కలలో కూడా తోచలేదు. కానీ ముందు సీసం దిమ్మె మాయమైంది. తర్వాత రాగిది, ఆపైన ఇనుపది, చివరికి అల్యూమినియందీ. సోమవారం తనిఖీ. ఆమెది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. దిమ్మెలు లేవంటే ఇంటికి పంపేస్తారు. శుక్రవారం సాయంత్రం మాస్టారు తన సంచీని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ బయటికి వెళ్లడం ఆమె కంటబడింది. వెనకాలే నడిచింది.

గేటు దగ్గర కాపలా అవ్వ స్టూలు మీద కూర్చుని ఉంది. పొద్దస్తమానం నిలబడి మోకాళ్లు పట్టేసిన మనిషి. మాస్టారు వేడినీళ్ల రబ్బరు తిత్తి తీసి ఆమె మోకాలి మీద పెట్టి, గుడ్డ కప్పి, కింద థర్మామీటరు దోపారు. నాలుగు దిమ్మెలూ స్టూలు కింద బుద్ధిగా ఉన్నాయి.

అమ్మాయిని చూసి మాస్టారు తడబడ్డారు. "రోజుకో దిమ్మె కాచి అవ్వకి కాపడం పెడుతూ, ఒకే బరువులో ఏది ఎక్కువ వేడి దాచుకుంటుందో చూస్తున్నానమ్మా. సీసం చూడ్డానికే పెద్దమనిషి, ఇట్టే చల్లారిపోయింది. రాగి కంటే ఇనుము, ఇనుము కంటే అల్యూమినియం నయం. అన్నిటికంటే నీళ్లే గొప్పవని పుస్తకాల్లో ఉందనుకో. రాసినవాణ్ణి నేను చూశానా?"

"నీళ్లే బాగుంటాయని మొదటిరోజే చెప్పానమ్మా," అంది అవ్వ. "నమ్మితేగా. పైగా నేను గుడ్డ తీశానని గొడవ."

అమ్మాయికి నవ్వు ఆగలేదు. దిమ్మెలు స్టోరుకి చేరాయి, తనిఖీ నిక్షేపంగా జరిగిపోయింది.

మంగళవారం ల్యాబులో మాస్టారు అటు తిరగ్గానే తిత్తిలో అమ్మాయి ఇంకో గ్లాసు కాగిన నీళ్లు పోసింది. గేటు దగ్గర థర్మామీటరు చూసి మాస్టారు తెల్లబోయారు. ముప్పై ఏళ్లుగా వేడి తగ్గడమే చూసినాయన. ఇవాళ తను నింపినప్పటికంటే ఐదు డిగ్రీలు ఎక్కువుంది. అవ్వను చూశారు, అమ్మాయిని చూశారు.

"మూత ఎవరు తీశారు?"

"నేనేనండీ," అంది అమ్మాయి.

ఆ ప్రశ్నకి ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదటిసారి. మాస్టారు వంగి, అవ్వ మోకాలి మీద గుడ్డ ఇంకోసారి సర్దారు.