ఎండోస్కోపీ గదిలో నా ఎడమచేయి

దయ్యాల మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. చర్చిలో సంఘపెద్దను. చనిపోయినవారు తీర్పుదినం దాకా విశ్రాంతిలో ఉంటారనే నమ్మాను. రోజూ డైరీ రాస్తాను కనుక, జరిగినది జరిగినట్టే చెబుతున్నానని అనుకుంటున్నాను.

మా అక్క సువార్తమ్మ బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఎండోస్కోపీ నర్సుగా పనిచేసి రిటైరైంది. గొట్టం గొంతులోకి దిగేటప్పుడు రోగికి వాంతి తన్నుకొస్తుంది. అప్పుడు అక్క రోగి ఎడమచేతి బొటనవేలిని అతని పిడికిట్లోకే మడిచి, పైన తన చేయి మూసి గట్టిగా నొక్కేది. అది ఆమె పద్ధతి.

కరోనా మొదటి ఏడాది ఆమెకే కడుపులో మంట మొదలైంది. అన్నం దిగేది కాదు. గొట్టం వేస్తే తుంపర్లతో వైరస్ గాలిలోకి లేస్తుందని, అత్యవసరమైనవి తప్ప ఎండోస్కోపీలన్నీ ఆపేసిన రోజులవి. పరగడుపున తయారై కూర్చున్నాక వాయిదా వేశామని ఫోను వచ్చేది. అక్క నవ్వేది.

"ఊరందరి గొంతులో గొట్టం దూర్చినాను గదప్పా, నా గొంతు కాడికొచ్చేసరికి తలుపేసినారు చూడు."

"డాక్టరుతో నేను గట్టిగా మాట్లాడతానక్కా."

"వద్దప్పా. ఊపిరాడనోళ్ళు ఉండారు ఆడ. నాదేం అర్జెంటు కాదులే."

ఒక ఉదయం రక్తం కక్కుకుంది. కాడుగోడిలోని ఆమె ఇంటి నుంచి అంబులెన్సులో తీసుకెళ్ళాను. వెంటనే లోపలికి తీసుకున్నారు, నన్ను మాత్రం గేటు దగ్గరే ఆపారు. గొట్టం వేసినా రక్తం ఆగలేదు. మధ్యాహ్నానికి పోయింది.

మరుసటి ఏడాది నాకూ అదే మంట. ఆసుపత్రి వేరు. మత్తు వద్దన్నాను. గదిలో డాక్టరు, ఒక నర్సు, ఇద్దరూ నిలువెల్లా తొడుగుల్లో ఉన్నారు. గొట్టం దిగగానే వాంతి తన్నుకొచ్చింది. ఎవరో నా ఎడమ బొటనవేలిని పిడికిట్లోకి మడిచి, పైన చేయి మూసి నొక్కారు. వాంతి ఆగింది.

బయటికి వచ్చాక నర్సుకు కృతజ్ఞతలు చెప్పాను. మదనపల్లె వైపు అమ్మాయి.

"నేనా? నా రెండు చేతులూ గొట్టం మీదనే ఉండె సార్. మీ చెయ్యి పట్టుకునేకి ఇంకో మనిషి యాడుండారు? లోపలికి ఇద్దరినే రానిస్తారు."

భయంలో నేనే వేలు మడుచుకున్నానేమోనని చాలాసార్లు ఆలోచించాను. కావచ్చు. అయితే పైన మూసిన చేయి వెచ్చగా ఉంది, దానికి గ్లవుజు లేదు. ఆ గదిలో గ్లవుజు లేని చేతులు నావే. నా కుడిచేయి మంచం కమ్మిని పట్టుకుని ఉంది.

ఇదేమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలన్న పట్టుదల కూడా పోయింది. ఆ ఉదయం అక్కను లోపలికి తీసుకెళ్ళినప్పుడు, ఆమె చేయి ఎవరైనా పట్టుకున్నారో లేదో, అదొక్కటి తెలిస్తే చాలు.