ఈశ్వరునికి దొరకని దొంగ

మా డాక్టరమ్మ పోయింది. ఆసుపత్రి ముందు పండ్లమ్మే అతను చెప్పాడు: "నిన్న పొద్దున పోయినాదంట అక్కా." అరటిపండ్లు చేతిలో పట్టుకొని అక్కడే ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

పందొమ్మిది వందల డెబ్బైల చివర మా నాయనను ఆమె దగ్గరికి తీసుకుపోయాను. గొర్రెలు కాసే మనిషి. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నడుం పట్టేసి నిలబడలేడు. పెన్సిలిన్ సూదులు వేయించాం, తాయెత్తు కట్టించాం. రెండూ ఒక్క తీరుగానే పనిచేశాయి. మంద అమ్మేద్దామనేదాకా వచ్చింది. గొర్రెలు లేకుండా నాయన ఎన్నాళ్లో బతకడని నాకు తెలుసు.

రక్తం పరీక్ష చేయించి, ఇది గొర్రెల నుంచి అంటిన జబ్బని తేల్చిందామె. "రక్తంలో మనకు కావలి కణాలుంటాయప్పా. పురుగు కనపడితే మింగేస్తాయి. ఈ పురుగు చావదు. ఆ కావలివాని కడుపులోనే కాపురం పెడతాది. పెన్సిలిన్ ఆడికి పోలేదు" అంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదమ్మా" అన్నాడు నాయన దిగులుగా.

"ఈశ్వరునికి టెట్రాసైక్లిన్ దొరకలేదులే. లోపల దాక్కున్నోన్ని ఈ గోలీ పడతాది. బయట తిరిగేటోన్ని స్ట్రెప్టోమైసిన్ సూది చూసుకుంటాది. జరం తగ్గినా, నేను చాలనేదాకా మానొద్దు."

వారానికే జ్వరం దిగింది. నాయన గోలీలు మానేశాడు. మానేసి ఊరుకున్నాడా? నెలలు నిండకుండా పిల్లను పడేసుకున్న గొర్రెకు మిగిలిన గోలీలు సంకటి ముద్దలో పెట్టి తినిపించాడు. అడిగితే, "దానిదీ నా జబ్బే గదా! నాకు తగ్గిపాయ, దానికి తగ్గొద్దా?" అన్నాడు. కొన్నాళ్లకే నడుం మళ్లీ పట్టేసింది.

సంగతి విని డాక్టరమ్మ ముందు పడీపడీ నవ్వింది, తర్వాత దులిపేసింది. "జరం పోయినాదంటే దొంగ నిద్రపోయినాడని, సచ్చినాడని కాదప్పా!"

మందు మొదటి నుంచి మొదలుపెట్టించింది. ఈసారి రోజూ ఆమె ఎదుటే మింగాలి, నోరు తెరిచి చూపించాలి. "గొర్రెను బేరం చేసేటప్పుడు నేనూ ఇట్లనే చూస్తా పండ్లు" అని గొణిగేవాడు నాయన. ఆమె వినీ విననట్టు ఇంకాస్త తెరవమనేది. మాలాంటి వాళ్ల మీద విసుక్కోని డాక్టరును నేను అంతకుముందు చూడలేదు.

మరుసటి వేసవిలో మేత కోసం గుత్తి వైపు మంద తోలుకుపోతూ, నాయన కావాలనే ఆసుపత్రి వీధిలోకి మళ్లించాడు. రోడ్డంతా గొర్రెలే. రిక్షావాళ్లు తిడుతున్నారు.

"డాక్టరమ్మా, చూడు, పోతాండా!"

ఆమె మెట్ల మీదికి వచ్చింది. గొర్రెల్ని చూడలేదు, తిట్టేవాళ్లను చూడలేదు. మంద మలుపు తిరిగేదాకా నాయన నడుమునే చూస్తూ నిలబడింది.