నీలంగా మెరిసిన పంచె

మా మేడమ్ గారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు అమలాపురంలో, దొంగతనం జరిగిన ఒక ఇంట్లో వేలిముద్రలు తీస్తున్నాను. పని ముగించుకునే ముమ్మిడివరంలో ఆవిడ ఇంటికి బయలుదేరాను. మధ్యలో వదిలేసి వెళ్తే ఆవిడే తిట్టి ఉండేవారు.

నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే మా క్లూస్ టీముకు ఆవిడే పెద్ద, ఆవిడే పంతులమ్మ. కంటికి కనబడని రక్తాన్ని చీకట్లో నీలంగా మెరిపించే మందు ఒకటుంది. అది చేతికొస్తే మాకు పూనకం వచ్చేది. ఆవిడ మాత్రం ముందు తన పాత రుమాలు మీద కొట్టి, తుంపర సన్నగా పడుతోందో లేదో చూసుకునేవారు. బట్ట తడిసిందంటే మరక నేతలోకి పాకి, వాన పడ్డ ముగ్గులా అలుక్కుపోతుంది. రక్తం చిందిందో, ఎవరైనా తుడుచుకున్నారో ఇక చెప్పలేం. అందుకే ముందు ఫొటో, తరవాత మరకలోంచి చిన్న ముక్క కత్తిరించి పొడిగా దాచడం, ఆ పైనే మందు. భోజనాల దగ్గర మా చొక్కా మీద పులుసు ఒలికినా "రుద్దకండి బాబూ, ముందు చూడనివ్వండి" అనేవారు.

అల్లవరం వైపు గట్టు తగాదాలో ఒకాయన హత్య జరిగింది. పక్క చేను రైతును పట్టుకొచ్చారు. అతని పంచె నిండా గోధుమరంగు మరకలు. అది గెలలు కోసేటప్పుడు కట్టుకునే పంచె అనీ, అంతా అరటి జిగురే అనీ అతను మొత్తుకున్నా స్టేషన్లో ఎవరూ వినలేదు. పంచె ఒక్కటే మా ఆఫీసుకు పంపారు. కిటికీలకు దుప్పట్లు కట్టి మందు కొడితే పంచె నీలంగా మెరిసింది.

"ఇంకేముంది మేడమ్, రక్తమని రాసెయ్యండి" అన్నారు ఎస్సై గారు.

"ఆగండి బాబూ. అరటి జిగురుకీ వెలుగుతుందండి. మెరిసిందంటే ఇంకా అడగమని, తేల్చెయ్యమని కాదు."

పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఆవిడ కదల్లేదు. మందు తగలని పొడి ముక్కలను ల్యాబుకు పంపారు. మనిషి రక్తం కాదని తేలింది. అతని మీద వేరే ఆధారం లేదు, ఇంటికి పంపేశారు. ఆవిడ మొండితనం మాకు విసుగు పుట్టించేది. ఇప్పుడు తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

పెద్దకర్మ రోజు భోజనాలకు ఒకాయన అరటాకుల కట్ట మోసుకొచ్చాడు. వాళ్ళమ్మాయి పోల్చుకోలేక, "మా అమ్మ మీకెలా తెలుసండి?" అని అడిగింది.

"ఆవిడ నన్నెప్పుడూ చూడలేదండి. నా పంచె చూసేరంతేనండి."

ఆకులు నీడలో దించి, వాడిపోకుండా చేత్తో నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాడు.