తమ్ముడి జేబులో మోగిన ఫోన్

ఆ ఏడు ఒంటిపూట బడులు మొదలైన వారంలోనే గల్ఫ్‌లో యుద్ధం వచ్చింది. నేను బాన్సువాడలో ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయని పాత పాఠాలు మళ్లీ చదివిస్తున్నాను. బోర్డు మీద రెండో ప్రపంచ యుద్ధం అని రాసి, దేశాలు ఒకదాని వెనక ఒకటి అందులోకి ఎలా దిగాయో చెబుతున్నప్పుడు, పక్క తరగతి సారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడం, మీ తమ్ముడు ఏ దేశంల ఉన్నడు?"

ఆయన చేతిలో ఫోన్ ఉంది. ఎందుకడుగుతున్నాడో ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

తమ్ముడు అక్కడి ఓడరేవులో వెల్డింగ్ పని చేస్తాడు. స్టాఫ్‌రూమ్‌లోకి పోయి నా ఫోన్ చూసుకుంటే వాడు రికార్డు చేసి పంపిన మాట ఉంది. "అక్కా, టీవీ చూసి పరేషాన్ కాకు. పెద్ద చప్పుడైతే అయింది గని మాకేం కాలె. క్యాంపులనే ఉండమన్నరు. అమ్మకు చెప్పకు." వాడి వెనక ఎవరో హిందీలో అరుస్తున్నారు. తిరిగి ఫోన్ చేస్తే కలవలేదు.

తరగతికి తిరిగి వెళ్లేసరికి మూడో బెంచీలో అమ్మాయి లేచి నిలబడి ఉంది. నస్రుల్లాబాద్ అవతలి తండా నుంచి బస్సులో వచ్చే పిల్ల. వాళ్ల నాయిన నా తమ్ముడున్న క్యాంపులోనే ఉంటాడు. రెండేళ్ల కింద ఆయన బడికి వచ్చి, "మేడం, మీ తమ్మునికి ఒక్కమాట చెప్పుండ్రి, ఏ పనైనా చేస్త" అని బతిమాలితే, నేనే తమ్ముడికి చెప్పి పంపించాను.

"టీచర్, మా నాయిన ఫోన్ ఎత్తుతలేడు," అంది.

"సిగ్నల్ లేదమ్మా. అందరిదీ అంతే."

అమ్మకు చెప్పకుండా దాచడం కుదరలేదు. ఆమె అప్పటికే టీవీ ముందు కూర్చుని ఉంది. చదువు రాకపోయినా తెర మీది మ్యాపులో ఎర్రగా మెరిసే చోటు ఏదో ఆమెకు అర్థమైంది.

"మనది గాదు గదా గీ కొట్లాట?" అని అడిగింది.

"మన దేశం అందులో లేదమ్మా."

"మరి మనోడున్నడు గద బిడ్డా."

అమ్మ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. టీవీ కట్టేస్తే వాడికేదో అవుతుందన్నట్టు, కరెంటు పోయినప్పుడల్లా గాబరాపడేది.

ఊళ్లో కూడా భయం పట్టుకుంది. గ్యాస్ బండలు ఇక రావన్నారు. తెల్లారేసరికి ఏజెన్సీ ముందు ఖాళీ బండల వరస. కోతలప్పుడు డీజిల్ దొరకదని రైతులు క్యాన్లు పట్టుకుని పెట్రోల్ బంక్ దగ్గర నిలబడ్డారు. ఆ వరసల్లో తోసుకునేవాళ్లున్నారు, ఎవరితో మాట్లాడకుండా ఫోన్ వంక చూస్తూ నిలబడ్డవాళ్లున్నారు. ఎవరింట్లో మనిషి అక్కడున్నాడో అడగకుండానే తెలిసేది.

రోజూ పొద్దున ఆ అమ్మాయి బడి గేటు దగ్గర నా కోసం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె లోపలికి వెళ్లిపోయేది. ఇద్దరికీ ఏ కబురూ లేకపోవడమే ఆ నాలుగు రోజులూ ఒక ధైర్యంగా ఉండింది.

ఐదో రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ వాడి గొంతు వినగానే కూలబడి ఏడ్చింది. నేను ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చాను.

"అక్కా, ఆ పిల్ల వాళ్ల నాయిన దవాఖానల ఉన్నడు," అన్నాడు వాడు. "నిన్న డ్యూటీకి పిలిచిండ్రు. గోదాము మీద బాంబు పడ్డది. నేను అవతలి షెడ్డుల ఉన్న. ఆయనకు ఇంకా సోయి లేదు, కండ్లు తెరుస్తలేడు."

మెట్టు మీద కూర్చున్నాను.

"ఆయన ఫోన్ నా జేబులనే ఉంది. ఇంటోళ్లు చేస్తనే ఉన్నరు, మోగుతనే ఉంది. ఎత్తుదామంటే భయమైతుందక్కా. ఏం జెప్పాలె?"

"ఎత్తకు. నేను చెప్తా," అన్నాను. "పిల్లకు పరీక్షలున్నయ్, ఆగు మరి," అన్నాడు వాడు.

మర్నాడు గేటు దగ్గర ఆ అమ్మాయి అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆరోజు చెప్పాల్సింది యుద్ధం తర్వాతి సంగతులు. పుస్తకం తెరిచాను. చనిపోయినవారు, గాయపడినవారు అన్న వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. పిల్లలను మనసులో చదువుకోమని కిటికీ వైపు తిరిగాను. వెనక నుంచి ఆ పిల్ల నన్నే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

బడి విడిచాక ఇక ఉండలేకపోయాను. "నా బండెక్కు, మీ ఇంటికి పోదాం," అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. దారి పొడుగునా నా భుజం పట్టుకునే కూర్చుంది.

వాళ్లమ్మ కూలికి పోలేదు. గుడిసె ముందు మంచంలో ఫోన్ పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచి నిలబడి, "ఉన్నడా?" అని ఒక్కటే మాట అడిగింది.

"ఉన్నడు. దవాఖానల ఉన్నడు." మిగిలింది కూడా చెప్పాను. పని ఇప్పించింది నేనేనని గుర్తుచేసి క్షమించమన్నాను. ఆమె ఆ మాట విననట్టే, "ఆయన ఫోన్ ఎవలకాడున్నది?" అంది.

నా తమ్ముడి దగ్గరుందన్నాను, ఆమె మాట్లాడతానంటే వాడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు డాక్టర్లను బతిమాలి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాడు. ఆమె తమ ఇంటి లంబాడీ భాషలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తిట్టినట్టుంది, బతిమాలినట్టుంది, మేకల సంగతేదో చెప్పినట్టుంది. అవతలి నుంచి యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి తల్లి నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా కళ్లు మూసుకుంది.

మూడు రోజులకు ఆయనకు తెలివి వచ్చింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. తర్వాత కొన్నాళ్లకు టీవీలో యుద్ధం ఆగిందన్నారు. బండల వరసలు మాయమయ్యాయి. అమ్మాయి పరీక్షలు రాసి పాసయింది. తమ్ముడు ఆయన్ని తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపి, నెల తిరక్కుండానే మళ్లీ అక్కడికే వెళ్లిపోయాడు. అమ్మ, నేను ఎంత చెప్పినా ఆగలేదు.

వానాకాలం నాట్లప్పుడు తండాకు వెళ్లాను. ఆయన మంచంలో ఒరిగి ఉన్నాడు, తల్లీకూతుళ్లు పక్కనే కూర్చున్నారు. దవాఖానలో భార్య మాటలేమైనా గుర్తున్నాయా అని అడిగాను.

"ఏం యాదికి లేదు మేడం."

"గంతగనం మొత్తుకున్న, ఒక్కటీ ఇనలేదట," అని ఆమె నవ్వింది.

అంతలో పక్క పొలంలో ట్రాక్టర్ ఫట్‌మని పేలినట్టు చప్పుడు చేసింది. ఆయన రెండు చేతులతో తల కప్పుకున్నాడు. చాలాసేపటికి గాని చేతులు తీయలేదు.

"యుద్ధం నిజంగనే అయిపోయిందా మేడం?"

"అయిపోయిందన్నా. అన్ని దేశాలు ఒప్పుకున్నయంట."

"ఆరోజు పొద్దుగాల మాకు గూడ గట్లనే చెప్పిండ్రు," అన్నాడాయన. "అయిపోయింది, డ్యూటీకి పోండ్రి అని."

ఆ వేళకు తమ్ముడు డ్యూటీలోనే ఉంటాడు. నేను బ్యాగులోంచి ఫోన్ తీసి వాడికి కలిపాను. మోగుతోంది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.