రాయికొకరు, మంచుకొకరు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో ఆల్ప్స్ పర్వతాలకు వెళ్లే ఒక జట్టుకు రూటు ఎంచే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను కొండాపూర్‌లో ఒక ట్రెకింగ్ కంపెనీకి రూట్ ఇన్‌చార్జిని. పర్వతారోహణలో నాకు సర్టిఫికెట్లు లేవు. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడు పుస్తకాలు, ఖాజాగూడ రాళ్లు, సెలవు దొరికినప్పుడల్లా హిమాలయాలు, ఇదే నా చదువు. మా యజమాని యాదగిరి నన్ను సార్ అని పిలిచేవాడు. వినేది మాత్రం కస్టమర్ల మాట.

జట్టంటే ఇద్దరే. కార్తీక్, రమ్య. రాయదుర్గంలో ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లది. వాళ్లకు మధ్యస్థమైన మిక్స్‌డ్ రూటు కావాలి. రాయి, మంచు కలిసి వచ్చే దారిని మిక్స్‌డ్ అంటారు. అక్కడ కష్టాన్ని బట్టి ఫ్రెంచి అక్షరాల్లో గ్రేడు ఇస్తారు. పీడీ అంటే ఓ మోస్తరు, ఏడీ అంటే దాని పై మెట్టు. కార్తీక్ ఒక ఏడీ రిడ్జ్‌ను, అంటే రెండు వైపులా లోయ ఉన్న కొండ వెన్నును, ఫోటో చూసి ఖాయం చేసుకునే వచ్చాడు. సగం ఎక్కాక ఎటూ దిగే వీలు లేని రిడ్జ్ అది. తప్పు జరిగితే ఒకే తాడుకు కట్టుకున్న ఇద్దరూ పోతారు.

అతని లెక్క విని నాకు తల తిరిగింది. తను జిమ్‌లో ఎక్కడానికి కట్టిన గోడ మీద బల్లిలా పాకుతాడు, మంచు ముట్టుకోలేదు. రమ్య మంచు మీద శిక్షణ పొందింది, రాయి అంతంత మాత్రం. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఏడీకి సరిపోతామట.

"రాయి వస్తే నేను ముందుంటానండి, మంచు వస్తే రమ్య. ఎవరి మాడ్యూలు వాళ్లది" అన్నాడు.

ఒక కాలు రాయి మీద, ఇంకో కాలు మంచు మీద ఉన్నప్పుడు మనిషిని మార్చుకుంటారా అని అడిగాను. నా గొంతు కొంచెం పెరిగింది. యాదగిరి నన్ను పక్కకు పిలిచి, "సార్, జర నవ్వుకుంట చెప్పొచ్చు గద. మనం కాదంటే ఇంకో కంపెనీకి పోతరు" అన్నాడు. పోయేది మన బేరం కాదు, వాళ్ల ప్రాణం అన్నాను.

ఆదివారం ఇద్దరినీ ఖాజాగూడ తీసుకెళ్లాను. మిక్స్‌డ్ దారిలో రాయి వచ్చిందని బూట్లు విప్పరు. వాటికి కట్టిన ఇనుప పళ్లతోనే, అంటే క్రాంపాన్లతోనే, రాయీ ఎక్కాలి. మన రాళ్లు గీసుకుపోతాయని క్రాంపాన్లు కట్టనివ్వలేదు గాని, మంచు బూట్లు, మందపాటి చేతి తొడుగులు వేయించాను. మే నెల ఎండ. కార్తీక్ తల ఎత్తు దాకా వెళ్లి ఆగిపోయాడు.

"రాయి చేతికి తెలియట్లేదండి."

"ఇగ దిగురా, నీ మాడ్యూలు క్రాష్ అయింది" అంది రమ్య. తరువాత తనూ ఎక్కబోయి అంతకంటే కిందే ఆగింది. అప్పుడు నవ్వు మానేసి, "సార్, ఆ రిడ్జ్ మీద ఇట్లయితే ఎట్ల దిగుతం?" అని అడిగింది. వారం రోజులుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది.

పీడీ రూటు ఎంచాను. మధ్యలో రెండు చోట్ల కిందికి దారి ఉన్నది. నేనూ వాళ్లతో వెళ్లాను, అక్కడి గైడు ముందు నడిచాడు. మొదటి మలుపు దాటాక రాయి మీద పలచటి మంచు పొర పట్టి ఉంది. కార్తీక్ క్రాంపాన్లు కిర్రుమన్నాయి. ముందుకూ రాడు, వెనక్కూ పోడు. "చాలు, దిగుదాం" అంది రమ్య. గైడు తల ఊపాడు. నేను చూసిపెట్టిన మొదటి కిందిదారినే దిగాం. శిఖరం దక్కలేదు.

కొండాపూర్ తిరిగొచ్చాక కార్తీక్ యాదగిరితో రూటు మరీ సాదాగా ఉందని ఫిర్యాదు చేసి, వచ్చే ఏడాదికి ఏడీ కావాలన్నాడు. యాదగిరి నా వైపు చూశాడు. నేను బీరువాలోంచి మంచు బూట్లు తీసి బల్ల మీద పెట్టాను.

రిటైరయ్యేదాకా ప్రతి జట్టుకూ ముందు ఖాజాగూడే చూపించాను. రూటు ఎంచేటప్పుడు మొదట ఎక్కడ వెనుదిరగొచ్చో చూడాలి, ఆ తరువాత ఎవరికి ఏది రాదో అడగాలి. ఏది వచ్చో వాళ్లే చెబుతారు, అడగనక్కర్లేదు.