ఆదివారం నడిచిన ఇంజను

ఫ్యాక్టరీలో మనిషి చెయ్యి నలిగితే ప్రమాదం అంటారు. విశ్వవిద్యాలయంలో నలిగితే దురదృష్టం అంటారు. ప్రమాదానికి పరిహారం ఉంది, దురదృష్టానికి సానుభూతి ఉంది. సానుభూతికి ఖర్చుండదు కాబట్టి చదువుకున్నవాళ్లకు అదంటే ఎక్కువ ఇష్టం.

అప్పట్లో నేను పులికాటు సరస్సుకు అవతల, సముద్రం ఒడ్డున, ఒక విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే పరిశోధన కేంద్రంలో లేబొరేటరీ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. సిమెంటు తొట్లలో రొయ్యల్ని పెంచి చూడటం అక్కడి పని. తొట్లకు సముద్రపు నీళ్లు తోడటానికి ఒక ఆయిలింజను ఉండేది. దాన్ని నడిపే మనిషి కొడవలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. రైతుల పొలాల్లో ఇంజన్లు నడిపి ఆ విద్య నేర్చుకున్నాడు. క్రైస్తవుడు. వయసులో నాకంటే పెద్ద. నన్ను ‘అయ్యా’ అని పిలవొద్దని పోరి పోరి ‘అన్నా’ అనిపించాను. నేను సాధించిన సంస్కరణ అంతే.

ఉప్పుగాలికి ఇంజను బెల్టు జారేది. జారినప్పుడల్లా అది తిరుగుతుండగానే పట్టు కోసం దానికి గుగ్గిలం పొడి రుద్దేవాడు. మా జిల్లాలో ఆయిలింజను నడిపేవాళ్లంతా చేసే పనే అది. ఇంజను ఆపితే మళ్లీ హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యడానికి ఇద్దరు కావాలి. మామూలు రోజుల్లో రెండోమనిషి ఉండేవాడు. ఆ ఆదివారం లేడు. ఆపే వీలే లేక ఆ రోజూ అట్లాగే రుద్దాడు. బెల్టు కుడిచేతిని లాక్కుంది. పడవలో సరస్సు దాటించి, సూళ్లూరుపేటలో రైలెక్కించి, మద్రాసు పెద్దాసుపత్రికి చేర్చేసరికి మణికట్టు దాకా తీసెయ్యడం తప్ప దారి లేకపోయింది.

సెలవురోజు ఇంజను గదిలో అతనికి ఏం పని? మర్నాడు మద్రాసు నుంచి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వస్తున్నారు. వాళ్లొచ్చేసరికి తొట్లలో రొయ్యలు చురుగ్గా కదలాలి. శనివారం సాయంత్రం డైరెక్టరు గారు స్వయంగా అతని ఇంటికి వెళ్లి, ‘రేపు ఒక్కపూట వచ్చి నీళ్లు మార్చు’ అన్నారు. తలుపు తీసింది అతని భార్య. ఆ మాట విన్నది ఆ మొగుడూ పెళ్లాలిద్దరే.

పనిలో దెబ్బ తగిలితే ఆఫీసుకు తెలపాలి, ఆఫీసు విచారించి పైకి రాయాలి. మా హెడ్ గుమాస్తా ఎంతో వినయంగా రాశారు. సెలవు దినాన, ఎవరి ఉత్తరువూ లేకుండా, తనంతట తానే ఇంజను గదిలోకి పోయి గాయపడ్డాడని. హెడ్ గుమాస్తా కూడా అతని చర్చి సంఘంవారే, ఆ గుళ్లో పెద్ద. అబద్ధం రాసేటప్పుడు ఆయన చేతిరాత ఎప్పటికంటే అందంగా ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు.

నేను వెంటనే నెల్లూరులో కార్మిక పరిహారాల కమిషనరుకు దరఖాస్తు పెట్టించాను. చట్టం నాకు తెలుసు. పని చేస్తుండగా, ఆ పని మూలంగా దెబ్బ తగిలితే యజమాని ఇచ్చుకోవలసిందే. ఎవరి పాపం, ఎవరి పుణ్యం అని చట్టం అడగదు. తేలవలసింది ఒక్కటే, అతన్ని పనికి పిలిచారా లేదా అని. భార్య విన్నది, అతను విన్నాడు. గెలుపు మాదే అనుకున్నాను.

గుడి సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి ఆదివారం అతను గుళ్లో సాక్ష్యం చెప్పాడు. వాళ్లలో అది ఆచారం. ఆపద దాటి బయటపడ్డవాడు సంఘం ముందు నిలబడి, దేవుడు తనకేం చేశాడో చెప్పాలి. నాకు గుళ్లతో పని లేకపోయినా ఆ రోజు అతని కోసం వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, తల వంచుకుని, గట్టిగా చెప్పాడు.

“దేవుని దినాన్ని మీరినాను. ఒకరు చెప్పినారని కాదు, ఒకరు పిలిచినారని కాదు. నా ఇష్టంతోనే పోయినాను. ప్రభువు నా చెయ్యి పట్టుకోని ఆపినాడు.”

ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ముందు వరసలో హెడ్ గుమాస్తా ‘ఆమెన్’ అన్నారు.

ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లాను. సంస్కరణ సభల్లో పండితుల్ని ఎదిరించి నిలిచినవాణ్ణి, ఇతన్ని ఒప్పించలేనా అనుకున్నాను. దేవుడు అంత న్యాయవంతుడైతే, పని చేసినవాడి చెయ్యి నలిపి, చేయించినవాడి చెయ్యి ఎందుకు వదిలాడో చెప్పమన్నాను. అతను కట్టు సర్దుకుంటూ అన్నాడు.

“ఆయన హిందువు గదన్నా. ఆదివారం పని చెయ్యగూడదనే ఆజ్ఞ ఆయనకు లేదు.”

అతని భార్య పొయ్యి దగ్గర నుంచి, ఆజ్ఞలు మనకీ జీతాలు వాళ్లకీనా అంది. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోనీ, పిలిచింది నిజమే కదా, ఆ ఒక్క ముక్కా కమిషనరు ముందు గట్టిగా చెప్పమన్నాను.

“అడిగితే చెప్తాను. అబద్ధం చెప్పను. అయితే పాపం ఒప్పుకున్నాక మళ్లా ఇంకొకరి మీదికి నెట్టగూడదన్నా. ఆదాము తన తప్పు హవ్వ మీదికి నెట్టింది అట్టనే గదా. నేనట్ట చెయ్యను.”

నెల్లూరులో విచారణ ఒక పూటలో ముగిసింది. విశ్వవిద్యాలయం ప్లీడరు ముందుగా, అది ఫ్యాక్టరీ కాదనీ, సరస్వతీ నిలయమనీ సెలవిచ్చారు. సరస్వతి ఆయిలింజను ఎప్పుడు నడిపిందో నాకు తెలియదు. డైరెక్టరు గారు చల్లగా కూర్చుని, ఆ శనివారం షికారుకు వెళుతూ అతని గుమ్మంలో ఆగి పలకరించిన మాట నిజమే గానీ పని ఊసే ఎత్తలేదన్నారు. తలుపు తీసింది తనేననీ, ఆ మాట తన చెవులతో విన్నాననీ భార్య చెప్పింది. పెళ్లాం మొగుడివైపు చెప్పక ఎవరివైపు చెబుతుందన్నారు ప్లీడరు. తర్వాత హెడ్ గుమాస్తా లేచి, గుళ్లో విన్న సాక్ష్యాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు. నిజం చెప్పడం ఆయనకు అంత బాగా చేతనవునని అప్పుడే తెలిసింది.

ప్లీడరు అతని వైపు తిరిగారు.

“గుళ్లో నువ్వు ఇట్లా చెప్పినావా?”

“చెప్పినానయ్యా.”

“అది అబద్ధమా?”

“గుళ్లో అబద్ధం చెప్తానా?”

“అయితే నీ ఇష్టంతోనే పోయినావు.”

“డైరెక్టరుగారు రమ్మన్నారు. అయినా పోయినోణ్ణి నేనే గదా.”

కమిషనరు చెడ్డవాడు కాడు. ఈ మనిషి ఇవాళ చెప్పేది నమ్మాలా, దేవుడి ముందు చెప్పింది నమ్మాలా అని తనకు పెద్ద చిక్కు వచ్చిపడిందన్నాడు. చివరకు దేవుడి ముందు చెప్పిందే నమ్మాడు. దరఖాస్తు కొట్టేశారు. ఈ దేశంలో దేవుణ్ణి కోర్టుకు పిలిస్తే ఎప్పుడూ యజమాని పక్షానే సాక్ష్యం చెబుతాడు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

అతనికి మిగిలింది ఉద్యోగం ఒక్కటే, అదీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒంటి చేత్తో ఇంజను నడపలేడు. కొద్దిరోజులకు డైరెక్టరు గారు అతన్ని తన గదికి పిలిపించారు. హెడ్ గుమాస్తానూ, ఏదో సరంజామా లెక్క చెప్పడానికి వెళ్లిన నన్నూ అక్కడే ఉండమన్నారు. దయ చూపించేటప్పుడు చూసేవాళ్లుండాలి. భార్య బయట వరండా మెట్లమీద కూర్చుని ఉంది.

చట్టప్రకారం మేమేమీ ఇవ్వనక్కర్లేదు, అయినా నువ్వు పాతమనిషివి, గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేసుకుంటాం అన్నారు. ఆదివారాలు ఎవరూ ఉండరు కాబట్టి ఆ రోజు మాత్రం తప్పకుండా రావాలన్నారు. అతను ముందు దండం పెట్టబోయాడు. ఒక్క చేత్తో దండం ఎలా పెట్టాలో ఇంకా అలవాటు కాలేదు. ఆ చేతిని దించేశాడు.

“ఆదివారం రానయ్యా.”

డైరెక్టరు గారికి అర్థం కాలేదు. తన మాటకు అలాంటి జవాబు ఆ గదిలో ఎవరూ ఇచ్చి ఉండరు. విసుగ్గా అన్నారు.

“ఆ రోజు రమ్మంటే వచ్చావు కదయ్యా. ఇప్పుడేం వచ్చింది?”

నేను హెడ్ గుమాస్తా వైపు చూశాను. ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు. డైరెక్టరు గారికి తానేమన్నారో కాస్త ఆలస్యంగా తట్టింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంజను మనిషి మాత్రం ఆ మాటను పట్టుకోలేదు. తన నిజానికి ఇంకొకరి ఒప్పుకోలు కావాలని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

“వచ్చినాను గాబట్టే ఇప్పుడు రానంటుండా” అని బయటికి నడిచాడు.

నేను హెడ్ గుమాస్తాను వరండాలో ఆపి, ఇప్పుడు మీ చెవులతో విన్నారు గదా, ఈ సాక్ష్యం కూడా నెల్లూరికొచ్చి చెప్పండి అన్నాను. కేసు అయిపోయింది గదయ్యా, చచ్చినదాన్ని లేపడం ప్రభువుకే చెల్లిందన్నారు. ఆ హాస్యానికి ఆయనే కొద్దిగా నవ్వుకున్నారు. నేను ఒంటరిగా వెళ్లి చెబితే వాది స్నేహితుడి మాట అని కొట్టేస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అతని దేవుణ్ణి నేను ఒప్పుకోను. ఆ దేవుడే అతని పరిహారాన్ని మింగాడని నా నమ్మకం. కానీ ఆ కేంద్రంలో డైరెక్టరు మొహాన ‘రాను’ అన్నది నాస్తికులమైన మేమెవ్వరం కాదు. ఈ ముక్క రాయడం నాకు చేదుగానే ఉంది.

మెట్లమీద కూర్చున్న భార్య లేచి, ఏమన్నారని అడిగింది.

“గేటు దగ్గర ఉద్యోగం ఇస్తారంట. ఆదివారాలు రమ్మన్నారు. రానన్నాను.”



“ఆ శనివారం అనుండగూడదా ఈ మాట” అంది.

తర్వాత ఆమె రొయ్యపొట్టు గంప నెత్తిన పెట్టుకుని, పడవలో అవతలికి దాటి సూళ్లూరుపేట సంతలో అమ్మడం మొదలుపెట్టింది. గంప ఎత్తి నెత్తిన పెట్టడానికి రెండు చేతులు కావాలి. పడవ రేవులో ఆ పని వేరే వాళ్లెవరో చేసేవాళ్లు. అతను పక్కన నిలబడి చూసేవాడు.