వేలు తీయడం మరిచే పర్శరాములు

పర్శరాములుది జగిత్యాల దిక్కు. దుబాయ్‌లో పద్దెనిమిదేళ్లు ఇనుప చువ్వలు వంచాడు. చివరికో చువ్వల కట్ట మీదపడి అతని కుడిచేతినే వంచింది. రెండు వేళ్లు మొద్దుబారాయి. కంపెనీ దయతలిచి 2023లో అల్ ఖూజ్ గోదాములో స్టోర్‌కీపర్ని చేసి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. మొద్దువేళ్లకు కీబోర్డు అప్పగించిన తెలివి ఎవరిదో గాని, వాడికి ఆ నెలలోనే ప్రమోషనొచ్చింది.

చిక్కేమిటంటే, అతని వేలు మీట నొక్కాక లేవడం మరిచేది. ఒకరోజు మూడు పెట్టెల గ్లౌజులు కావాలని కొడితే తెరమీద 333 పడింది. చూసుకోకుండా పంపేశాడు. మర్నాడు పికప్ వెనక పికప్ వచ్చి గోదాము గుమ్మం మూసేశాయి.

మేనేజరును అక్కడందరూ ముదీర్ అంటారు. ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడి అరిచాడు.

"నీకెన్ని చేతులున్నాయి, పర్శరామ్?"

"ఉన్నయే రెండు సాబ్. అండ్ల ఒకటి సక్కగ లేదు."

"ఇంకోసారి జరిగితే ఖలాస్. ఇంటికే!"

ఆఫీసు తుడిచే సత్యకుమారి ఇదంతా విన్నది. రాజోలులో ఆరేళ్లు కంప్యూటర్ నేర్పిన మనిషి ఆమె. చీపురు గోడకానించి దగ్గరకొచ్చింది.

"నొక్కి పట్టుకుంటే అది అలా కొడతానే ఉంటాదండి, అన్నయ్యగారూ. ఒక్క నొక్కుకి ఒకటే పడేలా పెడతానుండండి."

సెట్టింగ్స్‌లో ఫిల్టర్ కీస్ అనేదాన్ని తెరిచి ఏవో మార్చింది. పర్శరాములు మూడు మీద వేలుపెట్టి గట్టిగా నొక్కిపట్టాడు. ఒక్కటే మూడు. పది లెక్కపెట్టాడు. అప్పుడూ ఒక్కటే.

"ఓర్నీ! గిది ముందుగాల ఎవ్వడన్న జెప్పిండా?" అన్నాడు. సంబరం దాచుకోవడానికి కంప్యూటర్ను నాలుగు తిట్లు తిట్టాడు.

వారం తిరక్కముందే, తన టైపింగ్ వేగం గురించి తానే డప్పు కొట్టుకునే గుమాస్తా రత్నాకర్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. టకటకా కొట్టాడు. సగం అక్షరాలు మాయం. కీబోర్డు చచ్చిందని ముదీర్‌ను పిలిచాడు.

"సావలేదు సారూ. గిప్పుడు మీట కొంచెంసేపు ఒత్తిపడితెనే అచ్చరం పడ్తది. జర నిమ్మలంగ కొట్టు," అని పర్శరాములు వచ్చి, ఒక్కో మీటా నొక్కి, తప్పులేకుండా ఆర్డరు పూర్తిచేశాడు.

ముదీర్ తెరను చూశాడు, ఆ వేళ్లనూ చూశాడు. "ఎవరు చేశారిది?"

పర్శరాములు సత్యకుమారిని చూపించాడు. ఆమె చేతులు చీరకు తుడుచుకుంది, ఏం మూడిందోనని.

మర్నాటినుంచి ఆమె పొద్దున పూట స్టోర్‌లో కంప్యూటర్ పని చూస్తోంది. మధ్యాహ్నం ఆఫీసు తుడవడం మాత్రం తప్పలేదు. ముదీర్ దయకు అంతవరకే వేగం.